జకర్యా మాస్టారి ఎడమ చెయ్యి

ఈ ఉదయం మొదటి షిఫ్టులో మూడో మంచం మీది రైతు చెయ్యి చాపాడు. మోచేతి మడత దగ్గర నా రెండు వేళ్లు ఆనించాను. చర్మం కింద గిర్రుమంటూ ఒక అదురు వేళ్లకు తగిలింది. డయాలసిస్ చేయించుకునేవాళ్ల చేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ నెత్తురు సుడి తిరుగుతూ పోతుంటుంది కాబట్టి పైన వేలు పెడితే ఈ అదురు తెలుస్తుంది. అదురుంటే సూది గుచ్చుతాం, లేకపోతే విశాఖ పంపిస్తాం. ఏళ్ల తరబడి రోజూ చేస్తున్న పనే. అయినా ఎప్పుడో ఒకసారి ఏదో ఒక చెయ్యి సరిగ్గా జకర్యా మాస్టారి చెయ్యి తీరునే అదురుతుంది. అప్పుడు నాకు చుట్టూ ఉన్న మిషన్ల కూతలు వినబడవు. టెక్కలి చర్చి గుడిలోని పాత పియానోలో అన్నిటికన్నా కింది స్వరం పలికే మెట్టు మోగినట్టుంటుంది, దాని మీద ఉండే చిటికెనవేలు గుర్తుకొస్తుంది. "ఏటమ్మా, ఆగిపోనావు? ఆడట్లేదేటి?" అని రైతు భయపడ్డాడు. "ఆడతంది మావా, బాగానే ఆడతంది" అని సూది తీశాను.

జకర్యా మాస్టారు తెలియనివాళ్లు మా బాప్టిస్టు సంఘాల్లో లేరు. ఆయన అసలు చేసే పని ఏమిటో తెలిసినవాళ్లూ లేరు. ఉద్యోగానికి రైల్వేలో గుమాస్తా. ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ దగ్గర పియానో నేర్చుకున్నారు. తర్వాత నౌపడ జంక్షన్‌కు బదిలీ చేయించుకుని వచ్చి అక్కడే రిటైరయ్యారు. కాపురం మాత్రం భార్య రాహేలమ్మగారి ఊళ్లో, ఉద్దానం జీడితోటల మధ్య. రిటైరయ్యాక అక్కడినుంచి రోజూ బస్సెక్కి టెక్కలి గుడికి వచ్చేవారు. ఆదివారం కీర్తనలకు వాయించేవారు. మిగతా ఆరు రోజులూ అదే పియానో ముందు కూర్చుని తన సంగీతం రాసుకునేవారు. అది కీర్తన కాదు, సినిమా పాట కాదు, మన రాగాలూ కాదు. ఐరోపా శాస్త్రీయ సంగీతం పద్ధతిలో, ఒక్క పియానో కోసం, మాటలు లేకుండా ఆయన కొత్తగా అల్లుకున్న సంగీతం. అలాంటి సంగీతం ఎప్పుడో చచ్చిపోయినవాళ్లు రాస్తారనుకునేదాన్ని. బస్సు దిగి, చెమట తుడుచుకుని, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చే మనిషి కూడా రాస్తారని ఆయన్ని చూశాకే తెలిసింది.

నా పేరు సువార్త. మాది హరిశ్చంద్రపురం. టెక్కలిలో డిగ్రీ చదివే రోజుల్లో, మాస్టారికి జ్వరమొస్తే ఆదివారం వాయించే దిక్కు లేదని సంఘం నన్ను ఆయన దగ్గర పెట్టింది. నాలుగు కీర్తనలు నేర్చుకుని బయటపడదామనుకున్నాను. మొదటి రోజే మెట్ల మీద దబదబా బాదాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నారు.

"తలుపు కొడతన్నావేటే గుంటా? లోపలెవరూ లేరు. ముందర ఏలు ఆనించు. కింద ఏటుందో ఏలికి తెలిసినాక అప్పుడు నొక్కు."

మూడు వారాలు నొక్కనివ్వలేదు. చప్పుడు రాకుండా మెట్ల మీద వేళ్లు ఆనించి కూర్చోవడం, లేవడం, ఇంటికి పోవడం. నాకు ఒళ్లు మండిపోయేది. ఈయనకి రాదు కాబట్టి నాకు నేర్పడం లేదని స్నేహితురాళ్లతో చెప్పుకున్నాను కూడా. తర్వాతెప్పుడో విశాఖలో డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నప్పుడు, కంటికి కనబడని నరాన్ని వేలితో పట్టుకుని మొదటి గుచ్చులోనే సూది దించాను. ఎక్కడ నేర్చుకున్నావని అక్కడ నేర్పేవాళ్లు అడిగారు. గుడిలో అంటే నవ్వారు.

ఆ పియానో మిషనరీలు వదిలేసి వెళ్లినది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేవి. వానాకాలంలో చెమ్మ చేరకుండా దాని పొట్టలో ఒక బల్బు వెలిగించి పెట్టేవారు మాస్టారు. తీగలు సరిచేసేదీ ఆయనే. ఆయన రాసే పద్ధతి మాత్రం నేనింకెక్కడా చూడలేదు. ముందు ఎడమ చేతితో ఒక్కదానితోనే వాయించేవారు. నెలా, నెలన్నరా. కుడి చెయ్యి మోకాలి మీద ఊరకే పడుకుని ఉండేది. ఎడమ చెయ్యి ఇక మారదు, కుదిరింది అనుకున్న రోజునే కుడి చేతిని పైకి తెచ్చేవారు. ఆ పైన కాగితం. బల్ల దగ్గర కూర్చుని ఒక్క స్వరం కూడా రాయలేకపోయేవారు, వేళ్లు చెబితేనే రాసేవారు. ఎందుకిలాగని అడిగితే, "కుడిసెయ్యికి తొందరెక్కువమ్మా. పిలవకపోయినా వచ్చీసి పీటేసుకుని కూకుంతాది. ఎడం సెయ్యిని సెప్పనీ ముందర" అన్నారు.

ఆయన చిన్నప్పుడు వాళ్లమ్మ నౌపడ ఉప్పు మడుల్లో కూలికి పోయేది. ఆ మడుల మీద పన్నెండు చిన్న రచనలు చేయాలని ఆయన కోరిక. మడికట్టు కట్టడం, నీరు పెట్టడం, ఎండడం, ఉప్పు గోకడం, వాన పడి అంతా కరిగిపోవడం. మూడోది నీరెండడం. అడుగున రెండు స్వరాలు నెమ్మదిగా మోగి ఆగిపోతాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఇంక లేదనుకున్నాక ఎక్కడో పైన ఒక్క సన్నటి స్వరం. దాన్ని కోతల పండుగ రోజు కానుకల వేళ గుడిలో వాయించారు. ఆ నిశ్శబ్దం వచ్చింది. సంఘ పెద్ద ఆశీర్వాదంగారు అయిపోయిందనుకుని లేచి "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరం లేచి కళ్లు మూసుకున్నాం. ఆయన దేవుడికి సగం సంగతులు చెప్పుకునేసరికి వెనకనుంచి పియానో మీద ఆ సన్నటి స్వరం ఠంగుమంది. ఆశీర్వాదంగారు ఉలిక్కిపడి ఆమేన్ అనేశారు. గుడంతా ఆమేన్ అంది. మాస్టారు తలెత్తకుండా చివరిదాకా వాయించారు.

బయటికొచ్చాక ఆశీర్వాదంగారు తల గోక్కున్నారు. "అయిపోనాదనుకున్నాను మాస్టారూ."

"అవ్వలేదు బాబూ. నీరెండతంది అప్పుడు."

"వాయిత్తన్నప్పుడు నీరేటి మాస్టారూ?"

మాస్టారు నవ్వారు. మర్నాడు చూస్తే కాగితం మీద ఆ చోట ఎర్ర సిరాతో "ఇక్కడ ప్రార్థన మొదలెట్టరాదు" అని రాసుంది. తర్వాత కొన్నాళ్లకు, ఎవరో ఫోనులో తీసిన రికార్డింగు విని చెన్నై నుంచి ఒక పియానో వాయించే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. మూడు రోజులుండి అన్నీ కాపీ చేసుకుంది. తెలుగు రాదు కాబట్టి ఆ ఎర్ర అక్షరాలేమిటని నన్నడిగింది. చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. చెన్నైలో ఆమె వాటిని వాయిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి నేను బస్టాండు దాకా పరిగెత్తాను. ఆయన బస్సు కిటికీలోంచి విని, "పదకొండే కదా అయినాయి. పన్నెండోది అవ్వనీ" అన్నారు. బస్సు కదిలాక చేత్తో కళ్లు తుడుచుకోవడం చూశాను.

పన్నెండోది మొదలుపెట్టకముందే మాస్టారి కాళ్లు వాచాయి. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఎవరికొచ్చిందని అడగరు, ఎవరింటికి ఇంకా రాలేదని అడుగుతారు. అప్పటికి నేను పలాసలో డయాలసిస్ కేంద్రంలో చేరి కొన్నేళ్లయింది. మా ప్రాంతంలో పని తరగని ఉద్యోగం అదొక్కటే. రక్తపరీక్ష కాగితం ఆయన నా చేతికే ఇచ్చారు. ఎన్నో వందల కాగితాలు చూసిన దాన్ని, ఆ ఒక్కటీ రెండుసార్లు చదివాను. కిడ్నీలు రెండూ పోయాయి. ఫిస్టులా వేయించుకోవాలి. సంగతి విన్నాక ఆయన అడిగింది ఒక్కటే, ఏ చేతికని.

"మామూలుగా ఎడమ చేతికే వేస్తారు మాస్టారూ. రాసే చేతిని వదిలేస్తారు."

"నా రాతంతా ఎడం సేత్తోనే. కుడిసేతికి ఎయ్యమను."

విశాఖలో సర్జన్‌గారు చూశారు. కుడి చేతి నరాలు సన్నగా ఉన్నాయి, దేనికీ పనికిరావు. ఎడమ చేతికే వేశారు. రెండు వారాలకు మాస్టారు నా దగ్గరికొచ్చి, నా మెడలోని స్టెతస్కోపు తీసుకుని, తన మోచేతి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "సువార్తా, రెండు స్వరాలు. కిందది ఆగదు. పైది వత్తాది, పోతాది. ఆగదే ఇది! పన్నెండోది ఇదేనే" అన్నారు. డయాలసిస్‌కి ఎక్కబోయే మనిషి మొహంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. మర్నాడే టెక్కలి పోయి పియానో ముందు కూర్చున్నారు.

నెల తిరక్కుండానే వేళ్లు చల్లబడ్డాయి. ఫిస్టులా నెత్తురంతా లాగేసుకుంటే కొందరికి చేతివేళ్లకు చాలదు. గోళ్లు నీలంగా మారాయి. చిటికెనవేలు, ఉంగరపు వేలు ముందు తిమ్మిరెక్కాయి, తర్వాత సూదితో పొడిచినా తెలియలేదు. ఆయన సంగీతంలో అడుగు స్వరాన్ని పట్టుకుని ఉండేది ఆ చిటికెనవేలే. "ఈ ఏలు నాది కాదమ్మా, ఎవలదో తెచ్చి అతికించినట్టుంది" అన్నారు. మళ్లీ విశాఖ వెళ్లొచ్చారు. ఉన్న దారులు రెండు, అవి ఆయనకు నేనే చెప్పాను. ఫిస్టులాకి ముడేసి కట్టేస్తే వేళ్లు తిరిగి రావచ్చు. కానీ ఇంకో చేతికి వేయడానికి నరం లేదు కాబట్టి మెడలో గొట్టం పెట్టించుకుని దాంతోనే బతకాలి. కట్టకుండా ఉంటే మనిషి నిలుస్తాడు, చెయ్యి పోవచ్చు. మాస్టారు ఆలోచించనైనా లేదు. "కట్టీమను. సేతులు లేకుండా బతికి నానేటి సేత్తాను?" ఆ మాట ఆయన అంతకుముందూ చాలాసార్లు అన్నదే. గుడిలోనూ అన్నారు, ఇంట్లోనూ అన్నారు.

మెడగొట్టాలతో మా కేంద్రానికి వచ్చినవాళ్లను నేను రోజూ చూస్తుండేదాన్ని. మా చెమటకి, మా దుమ్ముకి అవి చీము పట్టేవి. చలిజ్వరంతో వణుకుతూ వచ్చి, ఆ మంచం మళ్లీ ఎక్కనివాళ్ల మొహాలు నాకు తెలుసు. రాహేలమ్మగారికీ తెలుసు, ఆవిడ వరండాలో వాళ్ల భార్యల పక్కనే కూర్చునేది. ఒక మధ్యాహ్నం టిఫిన్ క్యారేజీ కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"నా మాట నలభై ఏళ్లనుంచి ఇన్నాడేటి? నీ మాటయితే ఇంతాడు. కట్టొద్దని సెప్పు. సెయ్యి దానంతటదే వచ్చీద్దని సెప్పు."

"రాదు అమ్మగారూ."

"రాకపోతే పోనీ. నాకు మనిషి కావాల. ఆయన వాయిత్తే నాకు సగం తెలిసీది కాదు, ఉన్నదున్నట్టు సెప్తన్నాను. దగ్గుతా ఇంట్లో తిరిగితే సాలు నాకు. సెప్పవే సువార్తా, నీకు పుణ్యముంతాది."

నేను నెపం ఆవిడ మీద పెట్టి తప్పించుకోదలచుకోలేదు. ఆవిడ అడగకపోయినా చెప్పేదాన్నేమో. ఆయన చచ్చిపోతే నాకు ఎవరున్నారు? ఈ ప్రాంతంలో నా వేళ్లు చూసి నేను ఎలాంటి మనిషినో చెప్పగలిగినవారు ఆయనొక్కరే. సూది దించి, టేపు అంటించి, మిషన్ తిప్పి, ఆయన మొహం చూడకుండా మొదలుపెట్టాను. మా కేంద్రంలోనే ఒకాయనకి ఇలాగే అయిందని, వేళ్లు చచ్చుబడ్డాయని, ఆరు నెలలు ఓపిక పడితే నెత్తురు కొత్త దారి చేసుకుని వేళ్లు తిరిగొచ్చాయని చెప్పాను. అలాంటి మనిషి లేడు. అంతగా చచ్చుబడ్డ చెయ్యి తిరిగి రావడం నేను చూడలేదు.

"పేరేటి ఆయనది?"

"తులసయ్య."

"ఏ ఊరు?"

"మందస వైపు మాస్టారూ. ఇప్పుడు కొబ్బరి వలుస్తున్నాడు."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "సరే. ఆరు నెలలు సూద్దాం" అన్నారు.

ఆ ఆరు నెలలూ ప్రతిసారీ తులసయ్య గురించి అడిగేవారు. మంచమెక్కి చెయ్యి చాపి, "మీ తులసయ్య ఎలాగున్నాడే?" అనేవారు. నేను చెబుతూ పోయాను. తులసయ్య చెట్టెక్కుతున్నాడు. తులసయ్య కూతురికి సంబంధం కుదిరింది. తులసయ్యకి చిటికెనవేలు మీద చీమ పాకితే తెలిసిందట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఆరు నెలలు దాటాయి. చెయ్యి రాలేదు. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి, అరచెయ్యి ఎండిపోయింది. అప్పటికి కట్టినా ఇక లాభం లేదు. ఒకరోజు ఆయన తులసయ్య గురించి అడగలేదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

మూడేళ్లు బతికారు. రాహేలమ్మగారు కోరుకున్నట్టే దగ్గుతూ ఇంట్లో తిరిగారు. ఆదివారాలు నేను వాయిస్తుంటే వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేవారు. తప్పు పోయినా ఏమీ అనేవారు కాదు. ఒక్క తిట్టు తిడితే బాగుండునని ఎన్ని ఆదివారాలు ఎదురుచూశానో. చెన్నై అమ్మాయి ఫోను చేసి పన్నెండోది ఎంతవరకు వచ్చిందని అడిగితే, "పదకొండేనమ్మా. పదకొండుకే ఆపీసినాను" అన్నారు. కుడి చేత్తో ఏమైనా రాయమని నేనొకసారి అన్నాను. "ఒక్కదానికీ ఏటి తోస్తాది?" అని అటు తిరిగి పడుకున్నారు.

మూడో ఏడు వానల్లో గుండె నీరసించింది. ఒక మధ్యాహ్నం రెండో షిఫ్టులో పక్క మంచాలవాళ్లు నిద్రపోతున్నారు. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది, వంకర తిరిగి, ఎండుకట్టెలా. ఇక మోయలేకపోయాను.

"తులసయ్య అనే మనిషి లేడు మాస్టారూ. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నారు.

ఆయనే నెమ్మదిగా చెప్పారు. "విశాఖలోనే సర్జన్‌గారు సెప్పీసినారు. కట్టకపోతే సెయ్యి రాదు, ఆశ పెట్టుకోవద్దు అని. నువ్వు తులసయ్యని తెచ్చేసరికే నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన మిషన్‌లో తిరిగే తన నెత్తురు వైపు చూశారు. "బతకాలనిపించింది సువార్తా. అంతే. పియానో లేకపోతే సచ్చిపోతానని ఊరందరికీ సెప్పీసున్నాను. తీరా ఆ గడియ వచ్చీసరికి బయమేసింది. ఏ మొకం ఎట్టుకుని సెప్పీది? నువ్వొచ్చి తులసయ్య అన్నావు. పట్టీసుకున్నాను. నీ అబద్ధం కాదది, నాదే. నీ నోట అనిపించీసినాను."

"మరి రోజూ వాడి గురించి ఎందుకడిగేవారు?"

చిన్నగా నవ్వారు. "బాగా సెప్పీదానివి. ఆడైనా బాగుపడనీ అనుకునీవాణ్ణి."

నేను మందుల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. మూడేళ్లలో మొదటిసారి గుండెల మీదినుంచి ఏదో దిగింది. కోపం కూడా వచ్చింది, నన్ను మూడేళ్లు ఆ ముద్ద దిగని కూటి ముందు కూర్చోబెట్టినందుకు. ఆ తర్వాత వచ్చిన మంగళవారం పోయారు, ఇంట్లోనే, కుర్చీలో. బుధవారం ఆయన మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టాను.

సమాధి చేసిన తర్వాత రాహేలమ్మగారు కాగితాల కట్ట నాకిచ్చింది. పదకొండూ శుభ్రంగా ఉన్నాయి. అడుగున పన్నెండోదానికి సంబంధించిన ఒకే ఒక కాగితం. స్వరాలు రాసే గీతల్లో ఎడమ చేతి వరస మీద మాత్రమే తొమ్మిది తాళపు గదులు నిండి ఉన్నాయి. నేను దాన్ని వాయించి చూశాను. ఎవరికీ వినిపించలేదు, చెన్నైకి పంపలేదు. ఆయన పద్ధతి ప్రకారం అది ఇంకా కుదరలేదు, కుదరనిది కాగితం మీద ఎందుకు పెట్టారో నాకు తెలియదు. చెయ్యి పోతోందని తెలిసి తొందరపడి ఉంటారు. ఆ కట్ట తీసుకుంటున్నప్పుడే రాహేలమ్మగారిని అడిగాను, సర్జన్‌గారు అప్పుడు మాస్టారితో ఏమన్నారని.

"నాను బయట బెంచీ మీద కూకున్నానమ్మా. లోపల ఆలిద్దరూ ఏటి మాటాడుకున్నారో నాకేటి తెలుసు? బయటికొచ్చి, ఏటీ సెప్పలేదు సూద్దామన్నారు అనీసినాడు."

అప్పటినుంచి నాకు మనసు నిలకడగా లేదు. మాస్టారు ఆ మధ్యాహ్నం చెప్పింది నిజమా? లేక ఏడవబోతున్న నా మొహం చూసి, నేను ఆయనకు తులసయ్యని కల్పించినట్టే, ఆయన నా కోసం ఆ సర్జన్ మాటని అప్పటికప్పుడు కల్పించారా? నిజమైతే ఆయన అందరిలాంటి మనిషి, బతుకు మీద తీపి ఉన్నవాడు, నేను చేసింది తప్పే కాదు. కల్పన అయితే ఆయన ఆరు నెలలు నా మాట నమ్మి ఆ వేళ్ల కోసం ఎదురుచూశారు. ఇప్పటికీ పేషెంట్లకు అబద్ధం చెబుతున్నానా అంటే చెబుతున్నాను. మనుషుల పేర్లు కల్పించడం మాత్రం మానేశాను.

ఆ సర్జన్‌గారు ఇప్పటికీ విశాఖలోనే ఉన్నారు. మంచి జ్ఞాపకశక్తి గలవారు, పాత పేషెంట్ల పేర్లన్నీ చెబుతారు. మా కేంద్రం నుంచి నెలకు ఇద్దరు ముగ్గురిని ఆయన దగ్గరికే పంపుతాను, ఫోనులో వాళ్ల సంగతులు మాట్లాడతాను. మాటలయ్యాక ఆయన ప్రతిసారీ "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడుగుతారు. లేదండీ అంటాను.